వంటలక్కకు రంగుంది, కులం లేదు

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో మిరపకోతకు, పత్తితీతకు వెళ్లే స్త్రీలలో ఎక్కువమంది దళిత, గిరిజన, వెనుకబడిన కులాల వారు. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు వారి ఇళ్లలో సాయంత్రం కాగానే టీవీలో ఒక నల్లని స్త్రీ వండేది, ఏడ్చేది, ఎదురుతిరిగేది. స్టార్ మా ‘కార్తీకదీపం’లో దీప. ఊళ్లన్నీ ఆమెను వంటలక్క అనే పిలుచుకున్నాయి. తెలుగు సీరియల్‌లో నాయిక నలుపే కథకు ఇరుసు కావడం చిన్న విషయం కాదు. ఎండలో కమిలిన కూలితల్లులు ఆమెలో తమను చూసుకున్నారంటే వారిని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు.

అయితే ఆ నలుపు మేకప్‌ది. దీపగా నటించిన ప్రేమీ విశ్వనాథ్ కేరళ వనిత. మోడలింగ్ చేసి, 2014లో ఏషియానెట్‌లో మొదలైన ‘కరుత్తముత్తు’తో టీవీలోకి వచ్చారు. ఆ మలయాళ సీరియలే తెలుగులో ‘కార్తీకదీపం’ అయింది. ఇందులో నటి తప్పేమీ లేదు. కష్టపడి పేరు తెచ్చుకున్నారు. ప్రశ్న ఎంపిక చేసినవారికే. నల్లని నాయిక కావలసి వచ్చినప్పుడు కూడా రంగు పూయవలసి రావడమేమిటి?

పూసిన నలుపుకు కులం ఉండదు. అసలు సౌకర్యం అక్కడే ఉంది. అత్త సౌందర్య కోడలి రంగును అసహ్యించుకోవచ్చు, దానిమీద వందల ఎపిసోడ్లు నడవవచ్చు. మన పెళ్లిచూపుల్లో ‘చామనఛాయ’ అనే మాట వెనుక ఏముందో, ‘అచ్చం వాళ్ల పిల్లలా ఉంది’ అనే ఎత్తిపొడుపులో ఆ ‘వాళ్లు’ ఎవరో మెట్టలో ప్రతి ఇంటికీ తెలుసు. సీరియల్‌కు మాత్రం తెలియదు. నలుపంతా దళితులది, తెలుపంతా అగ్రకులాలది అని నేననడం లేదు. ఏ కులంలోనైనా రెండూ ఉంటాయి. కానీ రంగును అవమానంగా మార్చింది కులమే. ఆ సంగతి దాచిపెట్టి రంగు గురించి ఎంత కన్నీరు కార్చినా ఎవరికీ నష్టం లేదు.

రంగు అడ్డంకి నిజమైనదే. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ 2013లో ఫెమినా మిస్ ఇండియా ఎర్త్ అయ్యారు. ప్రకటనల ఎంపికలకు వెళ్తే తగినంత తెలుపు లేదని ముఖం మీదే అన్నారని ఆమే బహిరంగంగా చెప్పారు. అయినా తట్టుకున్నారు: 2016లో ‘రామన్ రాఘవ్ 2.0’, 2019లో ‘మేడ్ ఇన్ హెవెన్’ వెబ్ సిరీస్. తట్టుకోవడానికి కాలం కావాలి, ఆ కాలానికి డబ్బు కావాలి. ఫొటోల పోర్ట్‌ఫోలియో, ముంబైలో అద్దె, సంపాదన లేని నెలలు, తడబడని ఇంగ్లీషు. మర్చంట్ నేవీ ఇంజనీరు కూతురికే అది అంత కష్టమైతే, మిరపతోటలో రోజుకూలీ కూతురు ఆ గుమ్మం దాకా వెళ్లేదెలా?

శోభిత నటించిన ఆ సిరీస్‌లోనే 2023లో కులం పేరు పెట్టి పలికిన భాగం ఒకటి వచ్చింది. తాను దళితుడినని దాచుకోని దర్శకుడు నీరజ్ ఘైవాన్ ఒక దళిత వధువు బౌద్ధ వివాహాన్ని తెరకెక్కించారు. గొప్ప ముందడుగే. వధువు పాత్ర మాత్రం రాధికా ఆప్టేది, దళిత నటికి దక్కలేదు. తన జీవితాన్ని వాడుకుని గుర్తింపు ఇవ్వలేదని రచయిత్రి యాషికా దత్ ఆరోపించారు, నిర్మాతలు ఖండించారు.

2024 ఆగస్టులో ప్రయాగ్‌రాజ్ సభలో, మిస్ ఇండియా జాబితాలో దళిత, ఆదివాసీ, ఓబీసీ స్త్రీలు లేరని రాహుల్ గాంధీ అన్నప్పుడు అధికార పక్షం ఎగతాళి చేసింది. అందానికి, ప్రతిభకు కులమేమిటన్నారు. నందిగామ శాసనసభా స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు అయింది. అంతకుముందు ఆ ఊరి దళితులలో సమర్థులు లేరని ఎవరైనా అనగలరా? వార్తా సంస్థల నాయకత్వంపై 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ లెక్కతీస్తే 121 పదవుల్లో 106 అగ్రకులాలవి, ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. అది వార్తల లెక్క. వినోదం లెక్క ఎవరు తీయాలి?

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బ్రిటన్‌లో బీబీసీ, ఐటీవీ, చానల్ 4 వంటి సంస్థలు 2016 నుంచి ‘డైమండ్’ పేరుతో తెర మీద, తెర వెనుక ఎవరు పనిచేస్తున్నారో వివరాలు సేకరిస్తున్నాయి. తెలుగు చానళ్లు కూడా నాయికలు, యాంకర్లు, రచయితలు, దర్శకులు, ఎంపిక బాధ్యులు ఏయే సామాజిక వర్గాల వారో, పేర్లు లేకుండా అంకెలతోనైనా ఏటా ప్రకటించాలి. విద్యార్థి సంఘాలు పట్టుబట్టదగిన డిమాండ్ ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరిలో, జగ్గయ్యపేట సరిహద్దు దాటితే తెలంగాణలో అదే ఏడాది నవంబరులో, సిబ్బంది ఇంటింటికీ వెళ్లి కూలితల్లుల కులం అడిగి రాసుకున్నారు. స్టూడియో గేటు దగ్గర ఇంకా ఎవరూ అడగలేదు.