దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా

దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా (సి.ఎల్.ఎల్.) బి-లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్. ఇది ఎక్కువగా వృద్ధులలో కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతదేశంలో అరుదు. ఒకే కణం సంతతికి చెందిన బి-లింఫోసైట్లు మైక్రోలీటరు రక్తంలో 5,000 లేదా అంతకు మించి, కనీసం మూడు నెలలపాటు ఉంటే ఈ వ్యాధిగా నిర్ధారిస్తారు.

కణాల స్వభావం

రక్తంలో తిరిగే ఈ కణాలలో అధిక భాగం విభజన చెందక విశ్రాంతి దశలో ఉంటాయి. కాలం తీరిన కణం తనంతట తాను నశించడం శరీర ధర్మం. ఈ కణాలలో అధికంగా ఉండే బీసీఎల్-2 అనే ప్రోటీను ఆ మరణాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి కణాలు చావక పోగుపడతాయి.

అయితే విభజన అసలే లేదనుకోవడం సరికాదు. 2005లో భారజలం ఉపయోగించి చేసిన అధ్యయనంలో, మొత్తం కణాలలో రోజుకు 0.1 నుండి 1 శాతానికి పైగా కొత్తవి పుడుతున్నట్లు తేలింది. ఈ విభజన ముఖ్యంగా లింఫు గ్రంథులలో జరుగుతుంది. అక్కడ కణ గ్రాహకం నుండి బీటీకే అనే ఎంజైము ద్వారా మనుగడకు కావలసిన సంకేతాలు అందుతాయి.

చికిత్స

యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల తీవ్ర లుకేమియాలో తాత్కాలిక ఉపశమనం సాధించాడు. ఈ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆ మందు విభజన చెందే కణాలలో డి.ఎన్.ఏ. తయారీని అడ్డుకుంటుంది. విశ్రాంతిలో ఉండే సి.ఎల్.ఎల్. కణాలకు వేరే మార్గం కావలసి వచ్చింది.

లక్షణాలు లేని తొలిదశలో మందులు ఇచ్చినందువల్ల ఆయుర్దాయం పెరిగినట్లు రుజువు కాలేదు. అందువల్ల వైద్యులు క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వేచి చూస్తారు. ఇది నిర్లక్ష్యం కాదు.

సాధారణ కీమోథెరపీ డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న కణాన్ని చావుకు నడిపించేది టీపీ53 జన్యువు. 17వ క్రోమోజోములో అది లోపించినా, చెడిపోయినా కీమోథెరపీ సరిగా పనిచేయదు. కనుక చికిత్సకు ముందు ఈ పరీక్ష అవసరం.

బీటీకేను నిరోధించే ఇబ్రూటినిబ్‌కు 2014లో, బీసీఎల్-2ను నిరోధించే వెనెటోక్లాక్స్‌కు 2016లో ఈ వ్యాధి చికిత్సకై అమెరికాలో అనుమతి లభించింది. ఇబ్రూటినిబ్ మొదలుపెట్టాక గ్రంథులలోని కణాలు రక్తంలోకి వస్తాయి. గ్రంథుల వాపు తగ్గుతుండగానే రక్తంలో లింఫోసైట్ల సంఖ్య పెరగవచ్చు. దీనిని చూసి మందు విఫలమైందని భావించరాదు. వెనెటోక్లాక్స్ వల్ల కణాలు ఒక్కసారిగా చనిపోతే మూత్రపిండాలకు ప్రమాదం. అందుకే 20 మిల్లీగ్రాములతో ఆరంభించి వారం వారం మోతాదు పెంచుతారు.

జాగ్రత్తలు

ఈ రోగులలో వ్యాధినిరోధక శక్తి తగ్గుతుంది. జ్వరం వస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. వీరికి సజీవ టీకాలు వేయరాదు.