ఇంటర్వ్యూ మనకు ఎన్నింటికి?

'మీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ జులై 15న, ఉదయం 10 గంటలకు, ఈఎస్‌టీ' అని న్యూయార్క్ నుంచి మెయిల్ వచ్చిందనుకోండి. ఈఎస్‌టీకీ మనకూ పదిన్నర గంటల తేడా. మనకు రాత్రి 8.30 అన్నమాట అని లెక్కేసుకుని, పావుగంట ముందే ల్యాప్‌టాప్ తెరుస్తారు. తీరా చూస్తే ఇంటర్వ్యూ టైమ్ ఎప్పుడో దాటిపోయింది! ఎందుకంటే జులైలో అక్కడ ఉదయం 10 అయితే మనకు రాత్రి ఏడున్నరే.

తేడా ఎక్కడొచ్చింది?

అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతాయి. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతాయి. ఆ నెలల్లో న్యూయార్క్ సమయాన్ని ఈడీటీ అనాలి. అలవాటు కొద్దీ ఏడాదంతా ఈఎస్‌టీ అనే రాసేస్తుంటారు. మన ఐఎస్‌టీకీ ఈ చిక్కు ఉంది. ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లూ అదే పొట్టి పేరు వాడతారు. అందుకే పొట్టి పేరును కాకుండా ఊరి పేరును నమ్ముకోవాలి.

ఒక్క లైను చాలు

లినక్స్, మ్యాక్‌లలో 'డేట్' కమాండ్ ముందే ఉంటుంది. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకోవచ్చు. టెర్మినల్‌లో పెద్ద అక్షరాల్లో టీజెడ్, ఈక్వల్ గుర్తు, ఖాళీ వదలకుండా అమెరికా, స్లాష్, న్యూయార్క్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. న్యూ, యార్క్‌ల మధ్య అండర్‌స్కోర్ ఉండాలి. తర్వాత స్పేస్ ఇచ్చి 'డేట్' అని కొడితే అక్కడ ఇప్పుడు టైమెంతో వస్తుంది. లినక్స్‌లో హైఫన్-డి ఆప్షన్‌తో రాబోయే తేదీలనూ మన సమయంలోకి మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఊరి పేరులో స్పెల్లింగ్ తప్పితే లినక్స్‌లో ఎర్రర్ రాదు, చడీచప్పుడు లేకుండా యూటీసీ సమయం చూపిస్తుంది.

రెజ్యూమెకి చిన్న ప్రాజెక్టు

రెండు మూడు ఊళ్ల సమయాలను పక్కపక్కన చూపే కమాండ్‌లైన్ టూల్‌ను మీరే రాయండి. పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో మాడ్యూల్ అందులోనే వస్తోంది. విండోస్‌లో మాత్రం టీజెడ్‌డేటా ప్యాకేజీ కూడా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. గంటలు కూడటం, తీసేయడం కోడ్‌లో మీరు రాయొద్దు. ఆ పని జోన్‌ఇన్ఫోకే వదిలేయండి. టెస్టింగ్‌కి ఖాట్మండూ తీసుకోండి, యూటీసీ కంటే 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది. లండన్‌నీ చేర్చండి. అక్కడ గడియారం మార్చి చివరి ఆదివారం మారుతుంది కాబట్టి, ఏటా రెండు మూడు వారాల పాటు న్యూయార్క్‌తో తేడా 5 గంటలకు బదులు 4 గంటలే ఉంటుంది. 'ఇంత చిన్న టూల్‌లో కష్టమేముంది?' అని ఇంటర్వ్యూలో అడిగితే, చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

చివరి మాట

టూల్ లెక్క చెబుతుందే గానీ, పంపినవాళ్ల మనసులో ఏముందో చెప్పలేదు. అందుకే మెయిల్ రాగానే మొహమాటపడకుండా జవాబివ్వండి: 'న్యూయార్క్ సమయం ఉదయం 10 గంటలు, భారత్‌లో రాత్రి 7.30. సరైనదేనా?' అడిగితే పోయేదేమీ లేదు. అడగకపోతే మాత్రం అవకాశమే చేజారొచ్చు.