అరకు విహారం: మోతాదు తెలిసి సేవిస్తే ఔషధమే

మందు ఎంత మంచిదైనా మోతాదు మించితే కీడు చేస్తుందని పెద్దలు చెబుతారు. విహారయాత్రకు కూడా ఈ మాట వర్తిస్తుంది. విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల నడుమ, దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్న చిన్న ఊరు అరకు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. ఏటా శీతకాలంలో నేను కుటుంబసమేతంగా అక్కడికి వెళ్తుంటాను. అక్కడి గాలిని, నడకను, నీటిని ఆరోగ్యానికి అనుకూలంగా ఎలా వినియోగించుకోవాలో పాఠకులకు వివరిస్తాను.

అనుకూలమైన ఋతువు

హేమంత, శిశిర ఋతువులలో జఠరాగ్ని ప్రబలంగా ఉంటుంది. శరీరబలమూ అధికంగా ఉంటుంది. బలవంతులు శీతకాలంలోనూ, వసంతంలోనూ తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయవచ్చునని, తక్కిన కాలాలలో ఇంకా తగ్గించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. కొండ నడకకు ఇంతకంటే మంచి నియమం లేదు. హేమంత ఆరంభంలో వలిసె చేలు పసుపు పచ్చగా పూసి కన్నులకు పండుగ చేస్తాయి. వర్షాకాలంలో కొండలు పచ్చగా ఉన్నా, వాగుల ఉధృతి, దోమల బెడద ఎక్కువ.

ప్రయాణంలో

విశాఖ నుంచి రైలు యాభైకి పైగా సొరంగాలు దాటి, 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ మీదుగా అరకు చేరుతుంది. ఘాట్ రోడ్డు మలుపులలో వాంతులయ్యేవారికి రైలే సుఖం. బస్సులో, కారులో వెళ్ళేవారు కడుపు నిండా తినకూడదు. పూర్తిగా ఖాళీ కడుపుతోనూ ఉండకూడదు. రెండు ఇడ్లీలు చాలు. ముందు సీటులో కూర్చుని దూరాన ఉన్న కొండను చూడాలి. ఉప్పు అద్దిన చిన్న అల్లం ముక్క నమలడం మా ఇంట అందరికీ ఉపశమనం ఇచ్చింది. దారిలో ఇబ్బంది అవుతుందని స్త్రీలు నీరు త్రాగడం మానివేస్తారు, మూత్రవేగాన్ని ఆపుకుంటారు. వేగధారణ అనేక రోగాలకు మూలమని మన శాస్త్రం హెచ్చరిస్తోంది. కావున వీలున్న ప్రతిచోటా వాహనం ఆపించుకోవాలి.

ఎవరికి ఏ నడక?

వృద్ధులకు, మోకాళ్ళ నొప్పులున్నవారికి పద్మాపురం ఉద్యానవనంలోని సమతలపు నడక చాలు. బొర్రా గుహలలో మెట్లు అనేకం; సున్నపురాతి నుంచి కారే నీటితో అవి తడిగా ఉంటాయి. గట్టి పట్టున్న పాదరక్షలు తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవారు లోపలి తేమను దృష్టిలో ఉంచుకోవాలి. కటికి జలపాతానికి కొంత దూరం జీపులో వెళ్ళి, ఆపైన నడవాలి. పాడేరు సమీపంలోని వంజంగి కొండపై మేఘాల మీదుగా సూర్యోదయం చూడాలంటే తెల్లవారకముందే ఎక్కాలి. చెవులు, తల, ఛాతీ వెచ్చగా కప్పుకోవాలి.

సగం శక్తి అయినదని ఎలా తెలుస్తుంది? నుదుట చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం దాని గుర్తులు. ప్రక్కనున్నవారితో మాట్లాడలేకపోతే ఆగిపోవాలి. ఛాతీలో నొప్పి గాని, బిగింపు గాని కలిగితే ఏ చిట్కా కోసమూ వెతకక వెంటనే వైద్యసహాయం పొందాలి. విడిదికి చేరాక గోరువెచ్చని నువ్వుల నూనెను పిక్కలకు, పాదాలకు మర్దించి, వేడినీటి స్నానం చేస్తే బడలిక తీరుతుంది.

నీటి వద్ద

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలోని చాపరాయి వద్ద వాగు విశాలమైన రాతిపలకపై జారుతుంది. నాచు పట్టిన రాయి నూనె పూసినట్లుంటుంది. పిల్లల చేయి వదలరాదు. పైన వాన కురిసిన రోజు దిగరాదు. భోజనమైన వెంటనే స్నానం శాస్త్రసమ్మతం కాదు. బొంగులో కాల్చిన కోడిమాంసం వంటి గురుపదార్థాలను రాత్రి కాక మధ్యాహ్నమే, మితంగా తినాలి.

తిరిగి వచ్చాక జ్వరం

ఇది అన్నిటికంటే ముఖ్యం. మన్యంలో మలేరియా ఇంకా పూర్తిగా తొలగిపోలేదు. దాన్ని వ్యాపింపజేసే దోమ సాయంసంధ్య నుంచి తెల్లవారే వరకు కుడుతుంది. ఆ వేళల్లో ఒళ్ళంతా కప్పే దుస్తులు, రాత్రి దోమతెర అవసరం.

మా బంధువుల అబ్బాయి అరకు నుంచి వచ్చిన రెండు వారాలకు చలిజ్వరంతో పడుకున్నాడు. ఇంట్లో నేలవేము కషాయం, తులసి రసం ఇచ్చారు. జ్వరం మధ్యలో దిగేసరికి తగ్గిందనుకున్నారు, మళ్ళీ వచ్చింది. నాలుగవ రోజున నేను చూడబోయి, రక్తపరీక్షకు పట్టుబట్టాను. ఫాల్సిపేరం మలేరియా అని తేలింది. చికిత్సతో కోలుకున్నాడు. ఈ రకం మలేరియాకు ఆలస్యమైతే మెదడు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణాపాయం కలుగవచ్చు.

కషాయాలపై నాకు గౌరవం లేక ఈ మాట చెప్పడం లేదు. మలేరియాకు నేడు వాడే ఆర్టెమిసినిన్ కూడా మొక్క నుంచే వచ్చింది. చైనా ప్రాచీన వైద్యగ్రంథాల ఆధారంగా దాన్ని కనుగొన్న తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. కాని దాన్ని శుద్ధి చేసి, మోతాదు నిర్ణయించి, ఇతర మందుతో కలిపి ఇస్తారు. ఇంటి కషాయం దానికి ప్రత్యామ్నాయం కాదు.

యాత్ర నుంచి వచ్చిన తేదీని ఇంటి కాలెండరుపై వ్రాసి ఉంచండి. ఆ తరువాత కొన్ని నెలల వరకు ఎవరికి జ్వరం వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించి, అరకు వెళ్ళివచ్చిన సంగతి వైద్యునికి చెప్పండి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం. శొంఠి, మిరియాలు, పాలు, పసుపు జలుబుకు, గొంతు గరగరకు ఎలాగూ ఉన్నాయి.