చెరకు నేలలో యిర్మీయా 6:20 : విస్మృత వచనానికి ఒక వ్యాఖ్య

యిర్మీయా గ్రంథం ఆరవ అధ్యాయంలో పురాతన మార్గాలను గురించి చెప్పే 16వ వచనం సంఘాలలో చిరపరిచితం. దానికి నాలుగు వచనాల దిగువన ఉన్న 20వ వచనంపై ప్రసంగం వినబడడం అరుదు. షేబ నుంచి సాంబ్రాణి, దూరదేశం నుంచి ఒక సుగంధద్రవ్యం తెచ్చి అర్పిస్తున్న యూదా ప్రజలను అవి తనకెందుకని దేవుడు ప్రశ్నించే సందర్భమిది. ఆ రెండవ ద్రవ్యానికి వాడుకలో ఉన్న పాత తెలుగు అనువాదం ‘చెరుకు’ అనే మాటను వాడింది. నిజామాబాదు, బోధన్ ప్రాంతపు పాఠకునికి ఈ మాట దగ్గర ఆగక తప్పదు.

హీబ్రూ మూలంలో ఉన్నది ‘కానె హత్తోవ్’, అంటే మేలైన రెల్లు లేదా కాడ. ప్రాచీన గ్రీకు అనువాదకులు ఇక్కడ దాల్చినచెక్క అన్నారు. ఆంగ్లంలో కింగ్ జేమ్స్ అనువాదం ‘తియ్యని కాడ’ అన్నది; తెలుగు చెరుకు ఆ దారినే వచ్చి ఉండవచ్చు. పండితులు చాలామంది దీనిని వసగానో, నిమ్మగడ్డి జాతికి చెందిన సుగంధ తృణంగానో గుర్తిస్తారు. మాటలు బాగా రావాలని పసిపిల్లల నాలుకకు మన ఇళ్లలో రాసే వసకొమ్ము ఇదే. పశ్చిమాసియాలో చెరకు సాగు విస్తరించింది క్రీస్తు శకం ఏడవ శతాబ్ది తరువాత, అరబ్బుల కాలంలో. కనుక యిర్మీయా చూచినది చెరకు కాదనడమే సమంజసం. వ్యాఖ్యాతలు కొందరు ఆ దూరదేశం భారతదేశమే కావచ్చునన్నారు. అదే నిజమైతే ప్రవక్త ‘దూరం’ అన్న చోట నిలబడి మనం ఈ వచనం చదువుతున్నాం!

అనువాదకుడు ఎంచుకున్న మాటపై ఆధ్యాత్మికార్థాన్ని నిలపవచ్చునా? చెరకు తీపి నుంచి నాలుక తీపికి, అక్కడి నుంచి కపట భక్తికి వెళ్లే అన్యాపదేశ పద్ధతి ప్రసంగవేదికకు సులువైనది, కాని మూలం దానికి ఒప్పదు. వచనాన్ని దాని అధ్యాయంలో ఉంచి చదివితే ఆ మాట వేరొక పని చేస్తుంది. అల్పులు మొదలు ఘనుల వరకు అందరూ లాభాపేక్షలో పడ్డారని 13వ వచనం అంటుంది. తరువాతి అధ్యాయం పరదేశిని, తండ్రి లేనివారిని, విధవరాలిని బాధింపవద్దంటుంది. పొరుగువాని చేత జీతం లేకుండా పని చేయించుకొని ఇల్లు కట్టుకొనేవానిని 22:13 గద్దిస్తుంది. తిరస్కృతమైనది ద్రవ్యం కాదు; న్యాయానికి బదులుగా ఖరీదును అర్పించే లెక్క.

యూదాలో ఆ కాడ విలాసవస్తువు. బోధన్‌లో చెరకు కూలి, అప్పు, నీటి వంతు. మంజీరపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది; ఆ ఆయకట్టు పంటను ఆధారం చేసుకొని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. నరికిన గడ ఎదురుచూడదు, గానుగకు ఆలస్యమైన కొద్దీ తూకమూ తీపీ తగ్గుతాయి. అటువంటి చోట కోతకాలపు కృతజ్ఞతార్పణలో చెరకు గడను బలిపీఠం దగ్గర నిలిపితే, దానిని నరికిన చేతికి కూలి ముట్టిందా అన్న ప్రశ్న కూడా దానితోపాటే గుడిలోకి వస్తుంది. కోత కోసినవారి బిగపట్టిన కూలి మొరపెడుతుందనే యాకోబు 5:4 కూడా ఇలా దాటవేయబడేదే.

ఇదే ప్రాంతంలో దీనికి ఎదురుగా నిలిచే అర్పణ ఒకటుంది. వెస్లియన్ మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ డిచ్‌పల్లిలో 1915లో స్థాపించిన కుష్ఠురోగుల ఆసుపత్రికి తోడ్పడిన దాత నర్సాగౌడ్ హైందవుడు. ఆ సొమ్ము ఏ బలిపీఠం మీదికీ వెళ్లలేదు, ఊరు వెలివేసినవారి వైద్యానికి వెళ్లింది.

మరొక విశేషం తెలుగులో కనబడకుండా పోయింది. యెషయా 43:24లో ఉన్నదీ అదే ‘కానె’. అక్కడ తెలుగు అనువాదం లవంగపు చెక్క అన్నది. పరమగీతము 4:14లో నిమ్మగడ్డి అన్నది. మూడు పేర్లుగా చీలినందువల్ల యిర్మీయా, యెషయా వచనాల మధ్య సంభాషణ మనకు వినబడదు. యిర్మీయాలో కాడ ఎందుకు తెచ్చారని ప్రశ్న. యెషయాలో ధనమిచ్చి కాడ కొనలేదని మాట, ఆ వెంటనే మీ పాపాలతోనే నన్ను ఆయాసపెట్టారన్న ఆరోపణ. తెచ్చినా, తేకున్నా అభియోగం మారలేదు.