తాడిపత్రిలో హోటల్ భోజనం

తాడిపత్రి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని అనంతపురం జిల్లాలో పెన్నా నది ఒడ్డున ఉన్న పట్టణం. ఇక్కడి హోటళ్ళు ఉదయం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలకు, మధ్యాహ్నం, రాత్రి వేళలలో రాగి సంగటి, నాటుకోడి పులుసులకు పేరు పొందినవి. ఇవి తాడిపత్రికి మాత్రమే పరిమితమైన వంటకాలు కావు. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలన్నింటిలోనూ ఇవి కనిపిస్తాయి. ఒకప్పుడు మెట్టప్రాంతపు పేదల నిత్యాహారమైన సంగటి ఇంటి వంటలో తగ్గిపోయి, హోటల్‌కు వెళ్ళి ప్రత్యేకంగా తినే వంటకంగా మారడం ఈ ప్రాంతపు ఆహార చరిత్రలో ముఖ్యమైన మార్పు.

తెలుగునాట "హోటల్" అనే మాట సాధారణంగా భోజనం, ఫలహారం దొరికే చోటును సూచిస్తుంది. బస చేసే చోటును లాడ్జి అంటారు. ఈ వ్యాసంలో హోటల్ అనే మాట మొదటి అర్థంలోనే వాడబడినది.

నేపథ్యం

అనంతపురం జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్నది. నైరుతి ఋతుపవనాలు కనుమలు దాటి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈశాన్య ఋతుపవనాల ప్రభావం తూర్పు తీరంలో ఉన్నంతగా ఇక్కడ ఉండదు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్నా నది సంవత్సరంలో ఎక్కువ కాలం ఇసుక మేటలతో ఎండి ఉంటుంది.

వ్యవసాయం అనిశ్చితమైనప్పటికీ తాడిపత్రికి బయటి నుండి వచ్చిపోయే వారి సంఖ్య ఎక్కువ. ఇందుకు ముఖ్య కారణాలు ఇవి:

• రాతి పరిశ్రమ: పరిసరాలలో లభించే నాపరాళ్ళను కోసి, నునుపు చేసి ఇతర రాష్ట్రాలకు పంపుతారు. గనుల కూలీలు, యంత్రాలపై పనిచేసేవారు, లారీ డ్రైవర్లు ఈ పరిశ్రమపై ఆధారపడి ఉన్నారు.
• సిమెంటు, ఉక్కు కర్మాగారాలు: సున్నపురాయి నిక్షేపాల వలన పట్టణ పరిసరాలలో సిమెంటు కర్మాగారాలు ఏర్పడినవి.
• రైలు మార్గం: గుంతకల్లు - రేణిగుంట మార్గంలో తాడిపత్రి స్టేషను ఉన్నది.
• దేవాలయాలు: విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించిన బుగ్గ రామలింగేశ్వరస్వామి, చింతల వెంకటరమణస్వామి ఆలయాలను చూడడానికి యాత్రికులు వస్తారు. బెలూం గుహలకు వెళ్ళేవారిలో కొందరు తాడిపత్రి మీదుగా ప్రయాణిస్తారు.

అందువలన ఇక్కడి హోటల్ విలాసం కొరకు పుట్టినది కాదు. ఇంటికి దూరంగా పనిచేసే వారి ఆకలి, దారిన పోయేవారి అవసరం దానికి ఆధారం.

చరిత్ర

డబ్బు తీసుకొని భోజనం పెట్టే ఇండ్లు తెలుగు దేశంలో చాలాకాలం నుండి ఉన్నవి. వీటిని పూటకూళ్ళ ఇండ్లు అనేవారు. పూటకు ఇంత అని చెల్లించి తినే కూడు కనుక ఆ పేరు వచ్చినది. వినుకొండ వల్లభరాయుని రచనగా ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో కాకతీయుల రాజధాని ఓరుగల్లు వినోదాలతో పాటు, ఒక రూకకు మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, నెయ్యి, పెరుగులతో భోజనం పెట్టే ఇంటి ప్రస్తావన ఉన్నది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకంలోని పూటకూళ్ళమ్మ పాత్ర ఈ వృత్తికి తెలుగు సాహిత్యంలో మరొక ప్రసిద్ధ ఉదాహరణ.

డబ్బు లేని బాటసారులకు సత్రాలు, గుడుల వద్ద జరిగే అన్నదానాలు ఆధారంగా ఉండేవి. అయితే సత్రాలలోను, పూటకూళ్ళ ఇండ్లలోను కులాన్ని బట్టి పంక్తి ఏర్పాటు చేయడం సాధారణం. ఎవరైనా డబ్బిచ్చి ఒకే చోట కూర్చుని తినగల హోటళ్ళు తరువాతి కాలంలో, రైలు ప్రయాణాలు, పట్టణ జీవితం పెరిగిన కొలదీ క్రమంగా వ్యాపించినవి. 1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు వద్ద కలిసినవి. తాడిపత్రి ఈ మార్గంపైనే ఉన్నది.

ఈ ప్రాంతపు ప్రజలు ఇంటి బయట తిన్న తిండిలో కరువు గంజి కూడా ఒకటి. 1876-78 మధ్య వచ్చిన మహా కరువు దత్త మండలాలను తీవ్రంగా దెబ్బతీసినది. ప్రజలు దీనిని ధాత కరువు అని చెప్పుకొనేవారు. అప్పుడు తాడిపత్రి బళ్ళారి జిల్లాలో భాగం; అనంతపురం జిల్లా 1882లో ఏర్పడినది. కరువు శిబిరాలలో పనిచేసినవారికి కూలి, పని చేయలేనివారికి వండిన ఆహారం ఇచ్చేవారు. 1950ల తొలి సంవత్సరాలలో వచ్చిన కరువులో కూడా రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచినవి.

హోటళ్ళలో రకాలు

రాయలసీమలోని ఇతర పట్టణాలలో వలెనే తాడిపత్రిలోనూ తినుబండారాల దుకాణాలను స్థూలంగా ఈ విధంగా విభజించవచ్చును.

• తోపుడు బండ్లు, టిఫిన్ సెంటర్లు: తెల్లవారుజాము నుండి ఉగ్గాని, ఇడ్లీ, దోసె, వడ, చిత్రాన్నం అమ్ముతారు. సాయంత్రం బజ్జీలు, బోండాలు వేస్తారు.
• మెస్‌లు: నెలవారీగా డబ్బు కట్టించుకొని ఉద్యోగులకు, విద్యార్థులకు, కార్మికులకు రెండు పూటలా భోజనం పెడతాయి. పూటకూళ్ళ ఇంటికి నేటి రూపం ఇదే అనవచ్చును.
• భోజన హోటళ్ళు: అన్నం, పప్పు, కూర, చారు, పెరుగుతో శాకాహార భోజనం పెడతాయి.
• మాంసాహార హోటళ్ళు: నాటుకోడి, పొట్టేలు మాంసం, తలకాయ కూర, బోటి వంటివి లభిస్తాయి. సంగటి ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఈ కోవకు చెందిన కొన్నింటిని మిలిటరీ హోటళ్ళు అనడం కూడా కలదు.
• దాబాలు: ఊరి వెలుపల రహదారుల ప్రక్కన లారీ డ్రైవర్ల కొరకు వెలసినవి.

ముఖ్యమైన వంటకాలు

ఉగ్గాని

బొరుగులతో చేసే ఫలహారం. బొరుగులను నీటిలో వేసి, మెత్తబడగానే చేతితో పిండి తీస్తారు. నూనెలో ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, టమాటా, పసుపు వేసి వేగిన తరువాత బొరుగులు కలుపుతారు. చివర పప్పుల పొడి (వేయించిన శనగపప్పు పొడి) చల్లడం వలన మిగిలిన తడి పీల్చుకొని పొడిపొడిగా ఉంటుంది. దీనితో మిరపకాయ బజ్జీ తప్పనిసరి. ప్రక్కనున్న బళ్ళారి ప్రాంతంలో ఇటువంటి వంటకాన్నే కన్నడంలో ఒగ్గరణె అంటారు. ఆ మాటకు తిరగమోత అని అర్థం. బొరుగులు ముందే వేగి ఉంటాయి కనుక వంట కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది, వంట చెరకు తక్కువ పడుతుంది. ఉదయాన్నే పనికి వెళ్ళేవారికి తక్కువ ధరకు కడుపు నింపే ఫలహారం ఇది.

రాగి సంగటి

బియ్యాన్ని లేదా నూకలను మెత్తగా ఉడికించి, అందులో రాగి పిండి కుప్పగా పోసి, మూతపెట్టి ఆవిరిపై మగ్గనిస్తారు. తరువాత కట్టెతో ఉండలు లేకుండా బలంగా గెలికి, తడి చేత్తో ముద్దలు చేస్తారు. సంగటిని నమలకుండా, చిన్న ముక్కగా తుంచి పులుసులో ముంచి మింగడం అలవాటు.

ఊరిబిండి

వేయించిన వేరుశనగ విత్తనాలు (ఇక్కడి వాడుకలో చెనిక్కాయలు), మిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి రోట్లో నూరిన పచ్చడి. సంగటికి, జొన్న రొట్టెకు నంజుకొంటారు.

జొన్న రొట్టె

జొన్న పిండిని వేడి నీటితో కలిపి, చేతితో తట్టి పెనంపై కాల్చుతారు. సాయంత్రం వేళ రోడ్డు ప్రక్కన పొయ్యి పెట్టి రొట్టెలు కాల్చి అమ్మే మహిళలు రాయలసీమ పట్టణాలలో కనిపిస్తారు.

సంగటి హోటల్ వంటకంగా మారిన విధం

వర్షాధార భూములలో పూర్వం జొన్న, కొర్ర, సజ్జ, రాగి, పప్పుధాన్యాలను కలిపి సాగు చేసేవారు. వరి చెరువుల క్రింద, బావుల క్రింద మాత్రమే పండేది. కనుక చాలా కుటుంబాలలో వరి అన్నం పండుగలకు, చుట్టాలు వచ్చినప్పుడు వండే వంట. మిగిలిన రోజులలో సంగటి, రొట్టె, అంబలి తినేవారు. సంగటిలోకి ఊరిబిండి, ఆకుకూర పప్పు వంటివే ఉండేవి. మాంసం అరుదు.

రెండు కారణాలు ఈ స్థితిని మార్చినవి. మొదటిది వేరుశనగ. తక్కువ వర్షంతో పండి, డబ్బు తెచ్చే పంటగా ఇది చిరుధాన్యాల చోటును ఆక్రమించినది. నూనెగింజల ఉత్పత్తి పెంచడానికి 1986లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక మిషన్‌ను ప్రారంభించిన తరువాత ఈ ధోరణి మరింత బలపడినది. అనంతపురం దేశంలో వేరుశనగ అత్యధికంగా సాగయ్యే జిల్లాలలో ఒకటిగా నిలిచినది. తిండిగింజ పండించే రైతు తిండిగింజ కొనే రైతుగా మారెను. వర్షం తప్పిన సంవత్సరం చేతికి పంట, ఇంట్లో గింజ రెండూ లేకుండా పోయినవి.

రెండవది చవక బియ్యం. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చే పథకాన్ని ప్రవేశపెట్టినది. కరువు ప్రాంతపు పేదలకు ఇది గొప్ప ఆసరా. పండుగ నాటి అన్నం ప్రతిదినం వండుకొనే అన్నం అయినది. అదే సమయంలో విసిరి, గెలికి చేయవలసిన సంగటి శ్రమతో కూడినది కావడం వలన, పేదరికానికి గుర్తుగా భావించబడడం వలన ఇండ్లలో తగ్గిపోయినది.

తరువాతి దశాబ్దాలలో మధుమేహం వంటి వ్యాధులపై అవగాహన పెరిగి, చిరుధాన్యాలకు తిరిగి ఆదరణ వచ్చినది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినది. ఈలోగా హైదరాబాదు, బెంగుళూరు నగరాలలో "రాయలసీమ రుచులు" పేరుతో సంగటి, నాటుకోడి పులుసు ప్రత్యేక వంటకాలైనవి. రాయలసీమ పట్టణాలలోని హోటళ్ళు కూడా అదే బాట పట్టినవి.

అయితే హోటల్ సంగటి, పాత సంగటి ఒకటి కావు. హోటళ్ళలో బియ్యం పాలు ఎక్కువ, ముద్ద మెత్తన, పైన నెయ్యి, ప్రక్కన మాంసపు కూర ఉంటాయి. చవకగా దొరికే ఉగ్గానితో పోలిస్తే ఈ భోజనం ఖరీదైనది. సంగటి తిని పెరిగిన తరంలోని కూలీలలో చాలామందికి ఇది నిత్యం అందుబాటులో ఉండే భోజనం కాదు. రాగుల ఉత్పత్తిలో కర్ణాటక దేశంలో మొదటి స్థానంలో ఉన్నది. హోటల్‌లో సంగటికి గిరాకీ పెరిగినంత మాత్రాన అనంతపురం మెట్టభూములలో చిరుధాన్యాల సాగు దానంతట అది తిరిగి రాదు. 1990లో చెన్నేకొత్తపల్లి వద్ద మొదలైన టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు రైతుల సహకార సంఘాల ద్వారా ఆ సాగును పునరుద్ధరించే ప్రయత్నం చేసినవి.

మరొక ఎండునేల నగరంతో పోలిక

నీరు తక్కువైన నేలలో హోటళ్ళు వృద్ధి చెందడానికి ప్రపంచ ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలోని లాస్ వేగాస్. మొహావీ ఎడారిలోని ఈ జూద నగరంలో వార్షిక వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసినది. 1941లో ప్రారంభమైన ఎల్ రాంచో వేగాస్‌లో ఒక డాలరుకు కావలసినంత తినే బఫే ఏర్పాటు చేయబడినది. జూదరులు భోజనం కొరకు బయటికి పోకుండా ఉంచడం దీని ఉద్దేశం. నష్టానికి తిండి పెట్టి జూదంలో లాభం పొందేవారు. 1992లో ప్రసిద్ధ వంటగాడు వుల్ఫ్‌గాంగ్ పక్ అక్కడ స్పాగో అనే రెస్టారెంటును తెరచిన తరువాత ఖరీదైన భోజనమే ఒక ఆకర్షణగా మారినది.

లాస్ వేగాస్ తన నీటిలో సుమారు 90 శాతం కొలరాడో నది నుండి తీసుకొంటుంది. తిండి పదార్థాలు దూర ప్రాంతాల నుండి వస్తాయి. అక్కడి భోజనశాలలకు ఆ నేల పంటతో సంబంధం దాదాపు లేదు. తాడిపత్రిలో వంటకాలు ఆ నేల నుండి పుట్టినవే. కాని పంట మారిపోయిన తరువాత, ఇక్కడి హోటల్ సంగటికి కూడా చుట్టుప్రక్కల పొలంతో బంధం పలుచబడినది.

ప్రభుత్వ భోజన పథకాలు

పట్టణాలలోని కూలీల కొరకు ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2018 జూలైలో అన్న క్యాంటీన్లను ప్రారంభించి పూటకు 5 రూపాయలకు ఆహారం అందించినది. 2019లో ఇవి మూతపడి, 2024 ఆగష్టులో తిరిగి మొదలైనవి. కరువు కాలపు గంజి కేంద్రానికి, డబ్బిచ్చి తినే హోటల్‌కు మధ్య స్థానం వీటిది. ఇక్కడ తినేవాడు దానం పుచ్చుకోవడం లేదు, కొద్దిపాటిదైనా వెల చెల్లిస్తున్నాడు. పూటకూళ్ళ ఇంటి సూత్రం కూడా ఇదే.