మన యూరి మ్యూజియము

కాశీరామేశ్వరములు సేవించి వచ్చియు, చెన్నపురిలోనే కాపురముండి ఎగ్మూరు మ్యూజియమును జూడనివారు మనలో పెక్కండ్రు గలరు. ఊరినుండి చుట్టములు వచ్చినపుడు పిల్లలను తోడిచ్చి పంపుటయే గాని మనము గడప దాటము. అరవవారు పూర్వము దీనిని ‘సెత్త కాలేజి’ యనియు, జంతుశాలను ‘ఉయిర్ కాలేజి’ యనియు బిలిచెడివారు. చచ్చినవానిని జూడ నేల పోవలెనని మనవారి తలంపు కాబోలు!

1851లో స్థాపితమైన యీ శాలలో పిల్లలు మొదట పరుగెత్తునది తిమింగిలపు టెముకలగూటి కడకే. అది 1874లో మంగళూరు తీరమునకు గొట్టుకొనివచ్చినది. నిడివి సుమారు 60 అడుగులు. పురాణములలో దాని పేరు చదివి యూరకుండిన మాకు ఆ దౌడయెముకను జూచినపిమ్మట ఆ శబ్దమునకే బరువు హెచ్చినట్లు తోచెను. పక్షులను, పాములను పిల్లల కప్పగించి మేము త్వరగా దాటితిమి.

మేము చాలసేపు నిలిచినది అమరావతి శిలలయొద్ద. ఒక గుండ్రని ఫలకమున నాలాగిరి యను మదగజము కథ చెక్కబడియున్నది. ఒకే ఫలకమున ఏనుగు రెండుమాఱులు గానవచ్చును: ఒకచోట మనుష్యులను జీరాడుచున్నది, వేఱొకచోట బుద్ధునియెదుట మోకరిల్లినది. మేడకిటికీలనుండి జనులు తొంగిచూచుచున్నారు. ఇతర శిలలమీది స్త్రీలకు కాళ్లనిండ బరువైన కడియములు, నడుమున మొలనూళ్లు. కాంచి, నూపురము, కేయూరము అని కావ్యములలో జదివి నిఘంటువున అర్థము వెదకికొన్న సొమ్ములను ఇచట కన్నులార జూచితిమి. కృష్ణాతీరపు శిల్పులు పదునెనిమిదివందల యేండ్లక్రిందట చెక్కిన తెలుగునేల సొత్తు గదా యిది!

ఇవి పలనాటి సున్నపురాళ్లు. అందువలననే వీనిలో కొన్నిటిని సున్నమునకై కాల్చివేసిరట. ఏ స్త్రీమూర్తి ఏ యింటి గోడకు పూతయైనదో! 1797లో మెకంజీదొర ఆ స్తూపమును జూచెను. 1845లో ఎలియట్ దొర త్రవ్వించి శిలలను చెన్నపురికి జేర్చెను. పిదప 1859లో పెక్కింటిని ఓడనెక్కించి లండనునకు బంపిరి. అవి నేడు బ్రిటిషు మ్యూజియమున నున్నవి. వానిని జూడ సముద్రము దాటవలెను. మిగిలినవానికి ఎగ్మూరు చాలును.

శుక్రవారము అచట సెలవు. తక్కినదినములలో వంట పెందలకడ ముగించుకొని బయలుదేరుడు. పిల్లలు తిమింగిలము ప్రక్కటెముకలు లెక్కించుచుండగా, మీరు ఆ యేనుగుముందు కొంతసేపు నిలువవచ్చును.