ఒంటరి కూలి, ఉమ్మడి కల



గత సంవత్సరపు నూర్పుల కాలమున, నాగావళి ఆయకట్టునందలి యొక గ్రామములో వరి దిగుబడి తూచి చూచుటకై నేనొక కళ్ళమునకు బోయితిని. అచ్చట పనిచేయుచున్నవారిలో దూరపు గ్రామమునుండి కూలికి వచ్చిన వృద్ధుడొకడుండెను. మధ్యాహ్నము గంజి త్రాగి చుట్ట ముట్టించుకొని అతడు నన్ను జూచి, “బావూ, ఈ దిక్కున సెంటు భూమి ఏపాటి పలుకుతాది?” అని యడిగెను. “కొందువా తాతా?” యంటిని. “కొనడానికి కాదు బావూ, ఊరకే అడిగాను” అని నవ్వెను. తోడి కూలివారిలో నొక్కడును నవ్వలేదు. ఆ ప్రశ్న వారందరి ప్రశ్నయే యని నాకు తోచెను.

ఆ రాత్రి నాకొక అమెరికా దేశపు కథ జ్ఞప్తికి వచ్చినది. అది జాన్ స్టెయిన్‌బెక్ అను రచయిత 1937లో ప్రకటించిన చిన్న నవల. దాని పేరును ‘ఎలుకలును మనుష్యులును’ అని తెలుగున జెప్పవచ్చును. ఆ పేరు స్కాట్లండు కవి రాబర్టు బర్న్సు 1785లో వ్రాసిన పద్యమునుండి తీసికొన్నది. బర్న్సు స్వయముగా సేద్యగాడు. నాగటి చాలులో నొక ఎలుక గూడు చెదరిపోగా, ఆ చిన్న ప్రాణి యెడల జాలిగొని చెప్పిన పద్యమది. స్టెయిన్‌బెక్కు గూడ కాలిఫోర్నియాలోని సెలైనస్ లోయ ప్రాంతమున 1902లో బుట్టి, యౌవనమున అచ్చటి క్షేత్రములలో పనిచేసినవాడు. 1962లో నోబెలు బహుమానము నందినవాడు. కావున అతడు కూలివాని బ్రదుకును విని వ్రాయలేదు, చూచి వ్రాసెను.

కథయందు జార్జి, లెన్నీ అను నిరువురు వలస కూలీలు గలరు. జార్జి పొట్టివాడు, తెలివిగలవాడు. లెన్నీ యేనుగువంటి బలము గలవాడు గాని బుద్ధి చిన్నబిడ్డది. యవల బస్తాలు మోయుటకు వీరొక పెద్ద క్షేత్రమున జేరిరి. నెలకు ఏబది డాలర్ల జీతము. ఆ సమీపపు పట్టణము పేరు సోలెడాడ్. స్పానిషు భాషలో నామాటకు ఒంటరితనమని యర్థము. తక్కిన కూలివారందరును ఒంటరివారే. నెల జీతము చేతబడగానే పట్టణమునకు బోయి త్రాగుడునకును జూదమునకును ధారపోసి, మరల ఇంకొక క్షేత్రమునకు బోవుదురు. ఇరువురు కలిసి తిరుగుట చూచి యజమానుడే అనుమానపడెను! జార్జి ఆ వెఱ్ఱివాని జీతము కాజేయుచున్నాడేమో యని యాతని శంక. స్నేహము అంత యరుదైనది కాబోలు!

వీరికొక కల కలదు. పది యెకరముల నేల, చిన్న యిల్లు, కోళ్ళు, కుందేళ్ళు, కుందేళ్ళకు లూసర్ను గడ్డి. బిడ్డకు అవ్వ కథ చెప్పినట్లు జార్జి దానిని చెప్పుచుండును. లెన్నీ యెన్నిమారులు విన్నను తనివినొందడు. అచ్చట కాండీ యను ముసలివాడు గలడు. పనిలో వాని చేయి పోగా రెండువందల ఏబది డాలర్లు పరిహారమిచ్చిరి. ఊడ్చు పనిలో నుంచిన తన్ను త్వరలోనే వెళ్ళగొట్టుదురని వాని భయము. వాడు ఆ మాటలు విని, తన వద్ద మూడువందల ఏబది డాలర్లు సమకూరునని, తన్నుగూడ చేర్చుకొనుమని వేడుకొనెను. నేల వెల ఆరువందలు. ఇరువురి నెల జీతము నూరు చేరిన నాలుగువందల ఏబది యగును. అంతవరకు కథగా నున్నది ఒక్క క్షణమున లెక్కగా మారెను. నల్లజాతివాడగుటచే తక్కినవారి పాకలో అడుగు పెట్టనీయని క్రూక్సు అను గూనివాడు మొదట వారిని యెగతాళి చేసెను. వందలమంది ఇట్టి కలలతో వచ్చి పోవుట చూచినవాడాతడు. అతడు సైతము కూలి లేకుండ పనిచేయుదును, నాకును చోటిండని యడిగెను. పిదప తానే ఆ మాట వెనుకకు దీసికొనెను.

అంతలో, మెత్తని వస్తువులను నిమురుట లెన్నీకిగల దురలవాటగుటచే, యజమానుని కోడలి శిరోజములు నిమురబోయి, ఆమె కేకవేయగా భయపడి, తెలియకయే ఆమె ప్రాణము దీసెను. పగవారి చేతులకు జిక్కనీయక, ఏటియొడ్డున ఆ నేలను గూర్చి చెప్పుచునే జార్జి తన స్నేహితుని వెనుకనుండి కాల్చి చంపెను.

సోదరులారా, ఒక సంగతిని గమనింపుడు. కాండీ పైకము అట్లే యున్నది. మన మిరువురము ఆ నేల కొనవచ్చునుగదా యని అతడు జార్జిని అడిగెను గూడ. జార్జికి మనసు రాలేదు. పైకము పోలేదు, నేల పోలేదు, పోయినది స్నేహమొక్కటే. దానితోనే కల పోయినది. ఉమ్మడి పనికి మొదటి మూలధనము పైకము గాదు, ఒకని యెడల నింకొకనికిగల నమ్మకమని దీనివలన నేర్చుకొనవలసియున్నది.

ఈ దుఃఖము మనకు క్రొత్తది గాదు. మన తాతల కాలమున కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులలో పొగయోడ లెక్కి మనవారు రంగమునకు బోయిరి. మేస్త్రీ యిచ్చిన బయానా అప్పుగా మారి, వరికోతలలోను, బియ్యపు మిల్లులలోను, రేవు బరువులలోను తీరవలసియుండెను. పోయినవారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. కావున ఇంటిదీపము లేని బ్రదుకు. 1930లో రంగూను రేవు పనియొద్ద బర్మీయులకును తెలుగు కూలీలకును ఘోరమైన అల్లరులు జరిగెను. 1941 డిసెంబరులో ఆ నగరముపై బాంబులు పడగా, 1942లో లక్షలాది భారతీయులు తిరుగుముఖము పట్టిరి. వారిలో ననేకులు అడవులు కొండలు దాటి కాలినడకన వచ్చిరి. ఎందరో దారిలోనే రాలిపోయిరి. నేడు పోవు త్రోవలు వేఱు: హైదరాబాదు, చెన్నై, ఇటుక బట్టీలు. 2020 మార్చిలో దేశమంతయు మూతబడినపుడు, అట్టివారు నెత్తిన మూటలతో రహదారుల వెంబడి నడచుట మనమందరము చూచితిమి.

మన శ్రీకాకుళము మండలమునకు జెందిన మురపాకలో 1924లో జన్మించిన కాళీపట్నం రామారావు మాస్టారు ‘యజ్ఞం’ అను కథ వ్రాసిరి. అది ఊరు విడిచిన కూలి కథ గాదు. ఊరిలోనే కట్టుబడిన కూలి కథ. తాత చేసిన అప్పు తన బిడ్డనుగూడ కంబారిగా జేయునని తలచి, సీతారాముడు కన్నకొడుకును తానే నరికెను. జార్జి చేసినదియు సీతారాముడు చేసినదియు ప్రేమచే చేసిన హత్యలే. మనుష్యుడు ఒంటరిగా నిలిచి, ముందు వెనుకల దారి గానక, తాను ప్రేమించినవానిని తప్పించుటకు చంపుట తప్ప వేఱుపాయము కనుగొనలేని దుస్థితి అది. ఈ కథను చదువగోరువారు ఆ మహనీయుడు 1997లో శ్రీకాకుళమున నెలకొల్పిన కథానిలయమునకు బోవచ్చును.

మఱి మనకు కర్తవ్యమేమి? నేను మిషను పాఠశాలలో చదువుకొనునపుడు రూతు కథను విని కన్నీరు గార్చితిని. ఆమెయు అన్యదేశమునుండి వచ్చి పరిగె యేరుకొన్న స్త్రీయే. ఆమె కొరకు కొన్ని పనలు విడువుడని బోయజు తన కోతగాండ్రకు చెప్పెను. మన యుభాలకును కోతలకును వచ్చువారికి నీడ, మంచినీరు, ఆలసింపని కూలి, పేరుపెట్టి పిలుచు మర్యాద యిచ్చుట ఆ పనలు విడుచుటయే.

అయితే దయతో నేల దొరకదు. దానికి కూడిక కావలెను. 1904 నాటి సహకార చట్టమునందు పరపతి సంఘము పెట్టుటకు ఒకే యూరివారు పదిమంది చాలుననిరి. నేడు కౌలుదారులకును భూమిలేని వారికిని ఉమ్మడి బాధ్యతా బృందములు గలవు. నలుగురు మొదలు పదిమంది వఱకు చేరి, ఒకరికొకరు పూచీపడి బ్యాంకు అప్పు పొందవచ్చును. లెక్కించి చూడుడు: జార్జి, లెన్నీ, కాండీ, క్రూక్సు – సరిగా నలుగురు! వారికి లేనిది పూచీని గుర్తించు సంఘము. మనకది కలదు. అయినను మన సంఘములలో భూమిగలవారి పేర్లే యెక్కువ గనబడుచున్నవి. పాకలో చోటులేని క్రూక్సులు మన గ్రామములలో నెవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ సంవత్సరము ఆ వృద్ధుడు మరల కళ్ళమునకు వచ్చినచో, సెంటు ధర చెప్పి యూరకుండను. “తాతా, నీకు తోడు మఱి ముగ్గురెవరు?” అని యడిగెదను. మీరును మీ కళ్ళములయొద్ద నట్లే యడుగుడని నా ప్రార్థన.